టైపుల కట్టుదిట్టం చూసి పారిపోవాలా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌లో చేరి నెలైంది. మా టీమ్‌లో టైప్‌స్క్రిప్ట్ వాడతారు. అది జావాస్క్రిప్ట్‌కు టైపులు, అంటే ఏ విలువ అంకె, ఏది అక్షరాలు అనే గుర్తింపులు, జోడించిన భాష. అదీ టైపులను గట్టిగా తనిఖీ చేసే స్ట్రిక్ట్ మోడ్‌లో. గంటలో రాసిన కోడ్‌లో ఎర్ర గీతలు పోగొట్టడానికి సగం రోజు పోతోంది. ఏ విలువైనా సరే అనే 'ఎనీ' టైపు పెడితే పనైపోతుంది గానీ రివ్యూలో ఒప్పుకోవడం లేదు. టైపుల గొడవ లేని భాషకు మారిపోనా?

జవాబు: మారొద్దమ్మా. పైథాన్‌కు 2015లోనే 3.5 వెర్షన్‌తో టైప్ హింట్లు వచ్చాయి. అదే ఏడాది వచ్చిన పీహెచ్‌పీ 7లోనూ స్ట్రిక్ట్ టైపులు ఉన్నాయి. ఎటు వెళ్లినా ఈ ప్రశ్న మళ్లీ ఎదురొస్తుంది.

ఒక చిన్న సంగతి చూడండి. ఫారమ్‌లో వయసు గడిలో 20 అని కొడితే, చేతికొచ్చేది అంకె కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. దానికి 1 కలిపితే జావాస్క్రిప్ట్ 21 ఇవ్వదు, 201 ఇస్తుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, తప్పు లెక్క నేరుగా డేటాబేస్‌లోకి పోతుంది. మీ ఫంక్షన్ 'నంబర్' మాత్రమే తీసుకుంటుందని రాసి ఉంటే, ఆ స్ట్రింగ్‌ను పంపిన లైను దగ్గరే ఎర్ర గీత పడుతుంది. 'ఎనీ' పెడితే అది టైపులు సరిచూసే కంపైలర్ నోరు నొక్కడమే. లిస్టులో 'ఫైండ్'తో వెతికాక 'ఇది కచ్చితంగా ఉంటుంది' అని చెప్పే ఆశ్చర్యార్థకం (!) చివర తగిలించడమూ అంతే. వెతికింది దొరకని రోజున ప్రోగ్రామ్ కూలుతుంది.

అలాగని అన్నిచోట్లా ఒకే కట్టుదిట్టం ఉండాలని నేననను. రేపు పారేసే ప్రయోగానికి అక్కర్లేదు. పాత జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో ఒక్కసారిగా స్ట్రిక్ట్ ఆన్ చేస్తే ఎర్రర్లు వరదలా వస్తాయి. విసిగిపోయి జనం ఎక్కడపడితే అక్కడ 'ఎనీ' కుక్కుతారు. అక్కడ ఒక్కో ఆప్షన్, ఒక్కో ఫోల్డర్ చొప్పున బిగించుకుంటూ రావాలి. నలుగురు చేతులు పెట్టే కోడ్, ఏళ్ల తరబడి బతకాల్సిన కోడ్ అయితే మొదటి రోజు నుంచే స్ట్రిక్ట్. మీ టీమ్ చేస్తున్నది సరైన పనే.

కాలేజీల్లో పెద్దగా చెప్పని మాట ఇంకోటి ఉంది. టైప్‌స్క్రిప్ట్ టైపులు బిల్డ్‌తోనే, అంటే కోడ్ జావాస్క్రిప్ట్‌గా మారేటప్పుడే, చెరిగిపోతాయి. సర్వర్ నుంచి వచ్చిన డేటాకు 'యాజ్' అని టైపు తగిలిస్తే అది తనిఖీ కాదు, మీ నమ్మకం మాత్రమే. కాబట్టి బయటి డేటా లోపలికొచ్చే గుమ్మం దగ్గర 2018లో వచ్చిన 'అన్‌నోన్' టైపు వాడండి. విలువ ఏమిటో పరీక్షించేదాకా అది దాన్ని వాడుకోనివ్వదు. 'ఎనీ'కీ దీనికీ తేడా ఏమిటని ఇంటర్వ్యూల్లోనూ అడగొచ్చు.

సగం రోజు పోతోందన్నారు కదా. ఈ వారం వచ్చిన ఎర్రర్లను ఒక ఫైల్‌లో రాసుకోండి. నిజమైన తప్పును పట్టించినవి ఎన్ని, టైపు రాయడం తెలియక వచ్చినవి ఎన్ని అని విడదీయండి. ఆ రెండో జాబితాతో మీ రివ్యూయర్ దగ్గర ఒక అరగంట కూర్చోండి.