బస్సు దిగి కోన బాట పట్టేవారికి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా వారు ఈ ఏడాదే ఉద్యోగ విరమణ చేశారు. మాకు కారు లేదు. తిరుపతి బస్టాండులో ఎక్కి, ఏదైనా ఏటి వెంటో కోన వెంటో ఓ పూట నడిచి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలని మా కోరిక. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తలకోనతో మొదలుపెట్టమంటాను. అయితే జలపాతం సంగతికి ముందు బస్సు సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే మన వైపు కోనల్లో నడక ఎంత దూరం సాగాలో తేల్చేది తిరుగు బస్సే. తిరుపతి నుంచి రంగంపేట మీదుగా వెళ్లి, భాకరాపేట ఘాట్ ఎక్కి, నెరబైలు వైపు తిరిగితే యెర్రావారిపాళెం మండలంలో తలకోన వస్తుంది. కోన దాకా నేరుగా వెళ్లే సర్వీసులు తక్కువ. అవి దొరకకపోతే నెరబైలులో దిగి ఆటో మాట్లాడుకోవలసిందే. ఆ తారు రోడ్డు మీద ఎండలో నడిచి అలసిపోతే అసలు నడకకు ఓపిక మిగలదు.

పల్లెకు సాయంత్రం వచ్చే బస్సును నమ్ముకుని కొత్తవారు మోసపోతుంటారు. బస్సు వచ్చింది కదా, ఇక తిరిగి పోతుందిలే అనుకుని ఎక్కి కూర్చుంటారు. డ్రైవరు ఇంజను ఆపేస్తాడు, కండక్టరు టికెట్ల లెక్క సరిచూసుకుని సంచీ సర్దుకుంటాడు, ఇద్దరూ దుప్పట్లు దులుపుకుని సీట్ల మీదే నడుం వాలుస్తారు. అది నైట్ హాల్ట్ బస్సు. మళ్లీ కదిలేది తెల్లవారుజామునే. కనుక ఉదయం దిగేటప్పుడే కండక్టరును, చివరి బస్సు ఎన్నింటికని ఊరికే అడగకుండా, ఇక్కడి నుంచి తిరుపతికి ఆఖరున కదిలేది ఏది, అది రాకపోతే ఏ కూడలికి చేరితే మరో బస్సు దొరుకుతుంది అని అడగండి. ఆ ఆఖరి బస్సును లేనట్టే లెక్కవేసుకుని, దానికి ముందుదాన్ని అందుకునేలా నడకను ముగించడం ఉత్తమం. బస్సు దిగినప్పటి నుంచి ఆ వేళ వరకు ఉన్న సమయంలో సగం కాకముందే, ఎంత ముచ్చటైన మలుపు కళ్ల ముందున్నా, వెనుదిరగాలి. ఖర్చు సంగతికొస్తే, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు టికెట్టు ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకుంటే చాలు. మీ వారు మాత్రం టికెట్టు కొనుక్కోవలసిందే.

ఇక కోనలోకి వెళితే, సిద్ధేశ్వరస్వామి ఆలయం దాటాక దారి చెట్ల నీడలోకి దిగుతుంది. కొంత మేర మెట్లుంటాయి, తరువాతంతా ఏటి పక్కన బండలే. 270 అడుగుల ఎత్తు నుంచి పడే ధార అందరూ చూసేదే. నేనైతే దారిలోని గిల్లతీగ దగ్గర కాసేపు ఆగమంటాను. మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి, ఒక చెట్టు మీది నుంచి మరో చెట్టు మీదికి పాకుతూ పోయే ఆ తీగకు మూరను మించిన పొడవున కాయలు వేలాడుతుంటాయి. ఎండిన కాయను కదిపితే లోపలి గింజలు గలగలమంటాయి. దాన్ని కోసి ఇంటికి తెచ్చుకోకండి. ఇది 1989లో ఏర్పాటైన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోని అడవి, ఇక్కడ రాలిన కాయ కూడా అడవిదే. రాతి అడుగున జారుడు ఎక్కువ కనుక అరిగిపోయిన చెప్పులు, కొత్త బూట్లు రెండూ పనికిరావు. ఆదివారం జనం విపరీతంగా వస్తారు, వారి సంచులకోసం కోతులూ వస్తాయి; వారం మధ్యలో వెళ్లడమే మేలు.

ప్రశ్న: శ్రీవారి మెట్టు దారిని కూడా ఒక నడకగా లెక్కించవచ్చా? మా అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి.
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: తప్పకుండా లెక్కించవచ్చు, కానీ మీ అమ్మగారికి అది తగదు. శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలయ్యే ఈ దారిలో సుమారు రెండు కిలోమీటర్లలోనే 2388 మెట్లున్నాయి. అలిపిరి దారిలో 3550 మెట్లున్నా, అవి సుమారు తొమ్మిది కిలోమీటర్ల పొడవునా పరచుకుని ఉంటాయి. అంటే మెట్టు దారి లోయ పక్కన నిటారుగా ఎక్కుతుంది, అలిపిరి దారిలో మధ్యమధ్య చదును దొరుకుతుంది. మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ కష్టం కనుక ఏ దారిన ఎక్కినా దిగేటప్పుడు బస్సులో దిగండి. 2021 నవంబరు వానలకు మెట్టు దారి బాగా దెబ్బతిని మూతపడి, 2022 మేలో మళ్లీ తెరుచుకుంది. 2023 ఆగస్టులో అలిపిరి మార్గంలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తరువాత పిల్లలతో వెళ్లేవారికి వేళల నియమాలు పెట్టారు. బయలుదేరే ముందు ఆ రోజు అమల్లో ఉన్న వేళలను టీటీడీ సమాచార కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: తుంబురు తీర్థానికి స్నేహితులతో కలిసి ఏదో ఒక సెలవు రోజున వెళ్లాలనుకుంటున్నాం. పాపవినాశనం దాకా బస్సు ఉంది కదా, అక్కడి నుంచి మేమే నడిచి వెళ్లవచ్చా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: వెళ్లకూడదు. పాపవినాశనం దాకా ఆర్టీసీ బస్సు ఉన్న మాట నిజమే, కానీ ఆనకట్ట దాటిన తరువాతి అడవిలో మామూలు రోజుల్లో ఎవరికీ నడిచే అనుమతి లేదు. ఆ దారి సామాన్య భక్తులకు తెరుచుకునేది ఫాల్గుణ పౌర్ణమి నాటి తుంబురు తీర్థ ముక్కోటి ఉత్సవానికి. రామకృష్ణ తీర్థ ముక్కోటి పుష్య పౌర్ణమికి, కుమారధార తీర్థ ముక్కోటి మాఘ పౌర్ణమికి వస్తాయి. ఆ రోజుల్లో దారి పొడవునా అటవీ సిబ్బంది, టీటీడీ సిబ్బంది ఉంటారు, మంచినీళ్లు, అన్నప్రసాదం ఏర్పాటు చేస్తారు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారిని రావద్దంటారు. తుంబురు కోన ఎత్తయిన రెండు రాతిగోడల మధ్య సందు. నీళ్లలో దిగి, బండ పట్టుకుని, ముందువారి అడుగు చూసి అడుగు వేస్తూ పోవాలి. పండుగ నాడు వరుసలో నిలబడవలసి వస్తుందని మీరు చిన్నబుచ్చుకోవచ్చు, కానీ ఆ ఇరుకులో ముందూ వెనుకా మనిషి ఉండటమే మంచిది.

మరో సంగతి కూడా గుర్తుంచుకోండి. శేషాచలంలో ఎర్రచందనం దొంగల కోసం నిఘా ఎప్పుడూ ఉంటుంది. అనుమతి లేకుండా రిజర్వు అడవిలో, అందులోనూ కత్తీ తాడూ సంచిలో పెట్టుకుని దొరికిన కుర్రాళ్లను, మేం సరదాగా వచ్చామంటే ఎవరూ నమ్మరు. ముక్కోటి దాకా ఆగలేమనుకుంటే తిరుమల నుంచి పాపవినాశనం వెళ్లే బస్సులోనే జాపాలి తీర్థం దగ్గర దిగండి. చెట్ల మధ్య మెట్లదారిన ఆంజనేయస్వామి గుడికి నడిచి, తిరిగి వచ్చి, మరో బస్సులో ఆకాశగంగకు వెళ్లవచ్చు. చిన్న నడకే, కానీ రోజంతా బస్సులుంటాయి.

ప్రశ్న: కోనలకు ఏ నెలల్లో వెళ్లాలి? వానాకాలంలోనే నీళ్లు బాగుంటాయి కదా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: మన జిల్లాలకు గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి, వాయుగుండం పడితే నవంబరులో రెండు రోజుల్లోనే వాగులన్నీ పొంగుతాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పారిందో తిరుపతివారు మరచిపోలేదు. కాబట్టి వాన కురుస్తున్న వారం కాక, అది వెలిసిన తరువాత, అంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా నడవడానికి అనువైన కాలం. అప్పటికి నీళ్లు ఉండవేమోనని మీరు భయపడనక్కరలేదు. ఈ కొండల పైభాగమంతా పగుళ్లు బారిన గట్టి క్వార్ట్‌జైట్ రాయి. వాన నీరు ఆ పగుళ్లలోకి దిగి, నెలల తరబడి కొంచెం కొంచెంగా కిందికి ఊరుతుంది. అందుకే మీ ఊరికి దగ్గరలోని కైలాసకోనలో ఎండ ముదిరాక కూడా ధార పడుతూనే ఉంటుంది. పుత్తూరు నుంచి నారాయణవనం మీదుగా ఊత్తుకోట వైపు వెళ్లే బస్సులో కోన మలుపు దగ్గర దిగితే చాలు.

పైన ఆకాశం నిర్మలంగా ఉన్నా ఏరు పొంగవచ్చు, వాన కొండ అవతల పడుతుంటే మనకు తెలియదు. గుండంలో అప్పటిదాకా తేటగా ఉన్న నీరు టీ రంగుకు తిరిగినా, ఎండుటాకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొచ్చినా, నీటి చప్పుడులో బరువు వినిపించినా, బట్టలూ సెల్‌ఫోనూ ఏరుకుంటూ నిలబడకుండా ముందు గట్టెక్కాలి. సంచి అవతలి గట్టున ఉండిపోతే ఉండిపోనివ్వండి. ఉబ్బలమడుగు, నాగలాపురం వైపు కోనల్లో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. వారిలో ఈత వచ్చినవారూ ఉన్నారు. లోతు తెలియని గుండంలోకి పై నుంచి దూకడం మానుకోండి. కాలు బెణికితే మాత్రం మీకు దిగులు లేదు, పుత్తూరు కట్టు మీ గుమ్మంలోనే ఉంది.

ప్రశ్న: చిత్తూరు వైపు వారికి ఏమీ లేదా? అన్నీ తిరుపతి చుట్టే చెబుతున్నారు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీ నిష్ఠూరం న్యాయమైనదే. చిత్తూరు నుంచి పలమనేరుకు బస్సులకు కొదవ లేదు. అక్కడ కుప్పం బస్సు ఎక్కితే దారిలో బైరెడ్డిపల్లె మండలంలో కైగల్ వస్తుంది. దుముకురాళ్ల జలపాతమని ఊరివారు పిలిచేది దీనినే. తలకోన ఎత్తు దీనికి లేదు, సుమారు 40 అడుగులే. కానీ వెడల్పాటి బండ మీద నీరు పరచుకుని పడే తీరు, ఏటి వెంట నడక, జనం పలచగా ఉండటం నాకు తలకోనలోని ఆదివారం కన్నా నచ్చుతాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఇది కౌండిన్య అభయారణ్యం పరిసరం. 1990లో ప్రకటించిన ఈ అభయారణ్యంలో ఏనుగులున్నాయి. చెరకు, అరటి, వరి పొలాలపై వాటి దాడులు ఎంత తీవ్రమంటే, వాటిని మళ్లించడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే శిక్షణ పొందిన ఏనుగులను తెప్పించారు. ఏనుగులు తెల్లవారుజామున, పొద్దు వాలాక ఎక్కువగా కదులుతాయి కనుక పొద్దెక్కాక దిగి, మధ్యాహ్నం మూడింటికల్లా రోడ్డు మీదికి వచ్చేయండి. బస్సు దిగిన చోట టీ కొట్టులో, రాత్రి ఏనుగులు ఎటు తిరిగాయని అడగండి. పొలం కాపలాకు వెళ్లినవారు పొద్దున్నే అక్కడికే వస్తారు, గుంపు ఏ వైపు ఉందో చెబుతారు. ఈ వైపే ఉందని చెబితే నడక మరో రోజుకు వాయిదా వేసి వచ్చిన బస్సు ఎక్కేయండి.