త్రికోణాల బ్లాకును వంకర చేసేది మిషన్ కాదు, క్రాస్

"కొలతలు చూసే కోస్తున్నాను, పావు అంగుళం కుట్టే వేస్తున్నాను, అయినా త్రికోణాలతో చేసిన క్విల్టు బ్లాకు (ముక్కలు కలిపి కుట్టే బొంతలో ఒక గడి) చదరంగా రావట్లేదు. మిషన్ మార్చాలా?" అని అడిగారు. మిషన్ జోలికి వెళ్లకండి. చదరాన్ని ఐమూలగా కోయగానే ఆ పొడుగు అంచు క్రాస్ అయిపోతుంది. అటు పడుగూ ఇటు పేకా పట్టి ఉంచని అంచు అది, మిషన్ మీద పెట్టేలోపే సాగుతుంది.

హ్యూస్టన్‌లో నేను వెళ్లిన ఏ క్లాసులోనూ ఇంత సూటిగా చెప్పలేదు. మా అమ్మ చెప్పింది. తెనాలిలో ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టిన మనిషి. ఇక్కడికి వచ్చినప్పుడు మా కుట్టు బృందం దగ్గరికి తీసుకెళ్లాను. ఒక పెద్దావిడ తన పిన్‌వీల్ బ్లాకులు, అంటే త్రికోణాలను గాలిపంకా రెక్కల్లా కలిపినవి, బల్ల మీద పరిచారు. ఒక్కోటీ నడుమ అప్పడంలా పొంగి ఉంది. అందరూ కుట్టు వెడల్పు కొలుస్తున్నారు. అమ్మ మాత్రం కుట్టని త్రికోణం ఒకటి తీసుకుని, పొడుగు అంచు రెండు కొసలూ పట్టి మెల్లగా లాగింది. తేలిగ్గా సాగింది.

"క్రాస్ జాకెట్టు ఒంటికి పట్టేది ఈ సాగుడుతోనేగా! ఇక్కడ అదే కొంప ముంచుతోంది. కోశాక కుట్టడం ఎందుకే, కుట్టాక కొయ్యమని చెప్పు" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ అక్కడే కూర్చుని అలాగే ఒకటి చేశారు. బల్లకు అతుక్కున్నట్టు పరుచుకుంది.

బ్లాకులో కుట్టేశాక 4 అంగుళాలు కనిపించే ముక్క కావాలంటే 5 అంగుళాల చదరాలు రెండు తీసుకోండి. మంచివైపులు లోపలికి పెట్టి, ఐమూలగా పెన్సిల్ గీత గీసి, దానికి అటూ ఇటూ పావు అంగుళం దూరంలో కుట్లు వేసి, అప్పుడు గీత మీద కోయండి. రెండు ముక్కలొస్తాయి. వాటిని విప్పి, స్కేలు మీది 45 డిగ్రీల గీతను కుట్టు మీద పెట్టి నాలుగున్నర అంగుళాలకు అంచులు కోసి సరిచేయండి. చాలాచోట్ల కావలసిన కొలతకు 7/8 అంగుళమే కలపమంటారు. లెక్క సరైనదే, కానీ సరిచేసుకోవడానికి చోటేదీ? ఆ పిసినారితనం నాకు అస్సలు నచ్చదు.

ఇస్త్రీ పెట్టెను రుద్దకండి, ఎత్తి ఒత్తండి. కోయకముందే బట్టకు గంజి పెట్టండి. పలచటి మంగళగిరి కాటన్ కూడా బిగుసుకుని మాట వింటుంది. మన జాకెట్ టైలర్లకు బట్ట గురించి తెలిసినంత ఈ క్విల్టు వీడియోలు చేసేవాళ్లకు తెలియదని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే ఆ వీడియోల్లో ఒక పద్ధతి తెగ తిరుగుతోంది. రెండు చదరాలను నాలుగు వైపులా కుట్టేసి, రెండు ఐమూలలా కోస్తే ఒకేసారి నాలుగు ముక్కలు! పని తొందరగా అయ్యే మాట నిజమే. కానీ అప్పుడు బయటి అంచులు నాలుగూ క్రాస్ అవుతాయి, పక్క బ్లాకుతో కలిపేటప్పుడు మళ్లీ అదే తలనొప్పి. మీరు ఇప్పుడు చేస్తున్నది ఆ పద్ధతే అయితే ఈ రోజే మానేయండి.