కెన్ గ్రిఫీ జూనియర్ బేస్‌బాల్: సేవ్ నిలవకపోతే

కెన్ గ్రిఫీ జూనియర్ బేస్‌బాల్ వీడియోగేమ్‌లో ఆఫ్ చేయగానే సీజనూ, మీరు మార్చిన పేర్లూ పోతున్నాయంటే, అది 1994 నాటి సూపర్ నింటెండో (పాత గేమ్ కన్సోల్) క్యాట్రిడ్జ్ కాబట్టి లోపలి బ్యాటరీ అయిపోయినట్టే. గేమ్ నడుస్తోందిగా, అంటే గేమ్ ఉన్న చిప్‌కి ఏమీ కాలేదు. ఆటగాళ్ల సంఘం లైసెన్సు లేక అందులో గ్రిఫీ ఒక్కడిదే అసలు పేరు. మిగతావాళ్లవన్నీ ఒక్కో అక్షరం కొట్టి పెట్టుకున్నాక పోతే ప్రాణం ఉసూరుమంటుంది.

3.8 ఎం.ఎం. గేమ్‌బిట్ (క్యాట్రిడ్జ్ స్క్రూలు విప్పే ప్రత్యేక బిట్), సోల్డరింగ్ ఐరన్, ట్యాబులు (సోల్డర్ చేసే రేకు కాళ్లు) ఉన్న సీఆర్2032 బిళ్ల బ్యాటరీ తెచ్చుకోండి. ట్యాబులు తప్పనిసరి. మామూలు బిళ్ల మీద నేరుగా సోల్డర్ చేస్తే వేడికి సీలు పోయి కారుతుంది, పేలినా పేలొచ్చు.

విప్పాక ప్లస్, మైనస్ ఎటున్నాయో ముందు ఫొటో తీసుకోండి. పాతదాన్ని మాత్రం లాగొద్దు. ట్యాబు కాళ్ల దగ్గర సోల్డర్ పూర్తిగా కరిగాకే మెల్లగా పైకి లేపండి. తొందరపడితే కింది రాగి ప్యాడ్ ఊడొస్తుంది. బోర్డులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

కొత్తది అతికాక మల్టీమీటర్‌లో సుమారు 3 వోల్టులు రావాలి. వచ్చినా సేవ్ నిలవకపోతే అతుకులు మళ్లీ కరిగించి చూడండి. బ్యాటరీ కింద పచ్చటి మరక ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అక్కడి రాగి గీత ఎక్కడైనా తెగిందేమో మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (కరెంటు దారి తెగకుండా ఉందా అని) చెక్ చేయండి.