రాళ్ల మధ్య విసిరిన ల్యూర్ మాటిమాటికీ ఇరుక్కుపోతోంది, ఇంట్లో కట్టుకోగల రిగ్ ఏదైనా ఉందా?

మీరు అడిగింది ఇదీ: బండల మీద నుంచి సముద్రంలోకి ల్యూర్ (చేపను ఆకర్షించే నకిలీ ఎర) విసురుతున్నారు, అడుగంతా రాళ్లూ నాచూ, నాలుగుసార్లు విసిరితే ఒకసారి ఇరుక్కుని తెగిపోతోంది. చేత్తో కట్టుకునే రిగ్, అంటే దారం, గాలం, బరువు కలిపి కట్టే అమరిక కావాలి, వీలైతే దానికి రెండు ల్యూర్లు ఉండాలి.

రెండు ల్యూర్ల సంగతి ముందే చెప్పేస్తాను, వద్దు. ఒకదానికి చేప పడి రాతి సందులోకి దూరబోతుంటే, ఖాళీగా ఉన్న రెండోది వెనకాల ఏ రాయికో తగులుకుంటుంది. ఇక చేప పోయినట్టే, రెండు ల్యూర్లూ పోయినట్టే.

మొదట్లో నేనూ మీలాగే పోగొట్టుకున్నాను. దానికి నేను కనిపెట్టిన మందు ఏమిటంటే, ఇంకా గట్టి దారం వాడటం. గట్టి దారం వల్ల ల్యూర్ ఊడిరాలేదు సరికదా, లాగి లాగి చివరికి దారం చుట్టుకునే రీల్‌కి దగ్గర్లో, ఎప్పుడో రాయికి ఒరుసుకున్న చోట పుటుక్కున తెగింది. ల్యూర్‌తో పాటు నలభై యాభై మీటర్ల బ్రెయిడ్ (అల్లిన దారం) కూడా సముద్రం పాలు. అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. ఇరుక్కోవడం ఎలాగూ తప్పదు, కాబట్టి తెగాల్సి వస్తే ఎక్కడ తెగాలో రిగ్ కట్టేటప్పుడే మనం తేల్చుకోవాలి.

ఇప్పుడు నేను వాడేవి రెండు రిగ్‌లు. రెండింటికీ ఎముక ఒకటే, మూడు కళ్ల స్వివెల్, అంటే దారం మెలిపడకుండా కళ్లు తిరిగే చిన్న లోహపు జోడింపు. ఒక కంటికి రీల్ నుంచి వచ్చే మెయిన్ లైన్, రెండో కంటికి లీడర్ అనే మీటరు పొడవు దారం, దాని చివర ల్యూర్. మూడో కంటికి కట్టేది మాత్రం మారుతుంది: ఒకసారి బెండు, ఒకసారి బరువు.

ముందు బెండు రిగ్ కట్టండి. లోతు రెండు మూడు మీటర్లకు మించని చోట దీన్ని మించింది నాకు కనపడలేదు. బరువున్న ల్యూర్ దూరం పోతుంది కానీ మునిగిపోతుంది. తేలికైనది మునగదు కానీ దూరం పోదు. ఈ చిక్కుకు విరుగుడు మామూలు నీళ్లే. మందుల షాపులో సిరప్ వచ్చే చిన్న ప్లాస్టిక్ సీసా తీసుకుని మూడింట రెండు వంతులు నీళ్లు నింపండి. 30 మిల్లీలీటర్ల సీసా అయితే లోపల 20 గ్రాముల నీళ్లు పడతాయి. గాలిలో ఎగిరేటప్పుడు అది 20 గ్రాముల బరువే, నీటిలో పడ్డాక ఆ నీళ్ల బరువు లేనట్టే. పైన మిగిలిన గాలి సీసాను తేలుస్తుంది. మెడ చుట్టూ స్టెయిన్‌లెస్ తీగ రెండు చుట్లు చుట్టి, మెలిపెట్టి, ఒక కన్ను చేసి, పది సెంటీమీటర్ల దారంతో స్వివెల్‌కి కట్టండి. మూతకు లోపల జిగురు పూయడం మర్చిపోకండి. నా మొదటి సీసా మూత గాలిలోనే ఊడి ఒక దిక్కుకూ, సీసా ఇంకో దిక్కుకూ వెళ్లాయి. ఈ రిగ్‌లో సీసాను కట్టే దారం మాత్రం గట్టిదే ఉండాలి. తెగితే సముద్రంలో మనం వదిలే ప్లాస్టిక్ చెత్త అది.

లీడర్ చివర బరువు లేని మెత్తటి రబ్బరు ల్యూర్, లేదా రెండు మూడు గ్రాముల జిగ్ తల (తల దగ్గర బరువు ఉన్న గాలం). సీసా పైన తేలుతూ వస్తుంటే ల్యూర్ రాళ్ల నెత్తి మీదుగా ఈదుతూ వస్తుంది. మీరు చుట్టడం ఆపితే అది మెల్లగా దిగుతుంది, కానీ లీడర్ పొడవును, సీసాను కట్టిన ఆ పది సెంటీమీటర్లను దాటి కిందికి పోలేదు. అంటే లోతు మీ చేతిలో ఉన్నట్టే. రాళ్లలో మాటువేసే చేప పైనుంచి పోయేదాన్ని గమనిస్తూనే ఉంటుంది, ల్యూర్ దాని ముక్కు మీద పడాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: సీసా నీటిని తాకబోయే ముందు రీల్ మీద వేలితో దారాన్ని కాస్త ఆపండి. లీడర్ ముందుకు సాగి తిన్నగా పడుతుంది. లేకపోతే సీసాకు చుట్టుకుంటుంది.

నీళ్లు లోతుగా ఉండి కిందికి దిగాల్సిందే అంటే రెండో రిగ్. మూడో కంటికి ఒక జానెడు సన్నటి నైలాన్ దారం, దాని చివర బరువు. ఇక్కడ లెక్క ముఖ్యం. నా మెయిన్ లైన్ 13 కిలోల లాగుడు తట్టుకునేది, లీడర్ 9 కిలోలది, బరువును కట్టిన దారం 4 కిలోలది. ముడి వేసిన ప్రతిచోటా బలం తగ్గుతుంది కాబట్టి తేడా బాగా ఉండేలా చూసుకోవాలి. బరువు ఇరుక్కుంటే ఆ సన్న దారమే తెగుతుంది. ల్యూర్, ఒకవేళ పడి ఉంటే చేప, రెండూ మీకే.

దీనికో తంటా ఉంది. అదే సన్న దారం విసిరేటప్పుడు కూడా తెగొచ్చు. నాకు తెగింది. ఇనుప ముక్క ఎటు పోయిందో కనపడలేదు, దూరంగా నీళ్లలో చప్పుడు మాత్రం వినిపించింది. చుట్టుపక్కల మనుషులు లేరు కాబట్టి సరిపోయింది. అందుకే విసురు భారం సన్న దారం మీద పడకూడదు. ఒక మిల్లీమీటరు మందం ఉన్న స్టెయిన్‌లెస్ తీగ ముక్కను పైన మూసిన కన్నుగా, కింద తెరిచిన కొక్కెంగా వంచండి. కన్నును గట్టి దారంతో స్వివెల్‌కి కట్టండి. బరువుకున్న రింగును కొక్కేనికి తగిలించండి. సన్న దారం ఒక కొస ఆ కన్నుకు, రెండో కొస బరువుకు. విసిరేటప్పుడు బరువు కొక్కేన్ని లాగి పట్టుకునే ఉంటుంది. నీటిని తాకి దారం వదులు కాగానే జారిపోయి సన్న దారానికి వేలాడుతుంది. కొక్కెం మరీ లోతుగా వంచితే జారదు, మరీ తెరిస్తే రాడ్‌ను (గాలం కర్రను) వెనక్కి తీసుకెళ్లేటప్పుడే ఊడుతుంది. సరైన వంపు దొరికేదాకా పెరట్లో, మనుషులు లేని వైపు, నాలుగుసార్లు ఊపి చూసుకోండి. కుదుపు లేకుండా, నిదానంగా మొదలుపెట్టి విసరడం అలవాటు చేసుకోండి.

బరువుకు సీసం కరిగించి పోతపోయమని చాలామంది చెబుతారు. నేను ఆ పని మానేశాను. దాని పొగ, దుమ్ము విషం. తడి తగిలితే ఒక్కసారిగా ఆవిరి లేచి కరిగిన సీసం మొహాన చిమ్ముతుంది. పైగా సముద్రంలో వదిలేయబోయే వస్తువు అది. మామూలు ఇనుప కడ్డీ చాలు. 10 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి కడ్డీని 6 సెంటీమీటర్లు కోస్తే సుమారు 37 గ్రాములు తూగుతుంది. అంచులు ఆకురాయితో అరగదీసి, ఒక చివర రంధ్రం చేసి చిన్న రింగు వేయండి. అంతే బరువున్న సీసంతో పోలిస్తే ఇనుము పరిమాణంలో దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది, అందువల్ల కాస్త నెమ్మదిగా దిగుతుంది. రాళ్లలో మనకు కావాల్సిందీ అదే. సన్నగా పొడవుగా ఉన్నది సందులోంచి జారి వస్తుంది, గుండ్రటిది ఇరుక్కుని కూర్చుంటుంది. పాత స్పార్క్ ప్లగ్‌లు కట్టేవాళ్లను చూశాను, పనిచేస్తాయి. కానీ అడుగున ఆ పింగాణీ ముక్కలు పడి ఉండటం నాకు నచ్చదు.

ఏ రిగ్ అయినా గాలం మొన బయటికి ఉంటే ఇవన్నీ దండగ. రబ్బరు ల్యూర్‌కి మెడ దగ్గర మెలిక ఉన్న ఆఫ్‌సెట్ గాలం పెట్టి, మొనను ల్యూర్ వీపు మీద చర్మంలోకి కొద్దిగా గుచ్చి దాచండి. చేప నోట్లో నొక్కగానే బయటికొస్తుంది. గట్టి ల్యూర్లకు మూడు ముళ్ల గాలాలు తీసేసి తోక దగ్గర ఒంటి గాలం వేయండి. ముందుది పూర్తిగా తీసేస్తే కొన్ని ల్యూర్లు పక్కకు ఒరుగుతాయి, ఒడ్డు దగ్గరే ఒకసారి ఈదించి చూడండి.

ఇరుక్కున్నప్పుడు ముందు లాగకండి, వదులు చేయండి. సగంసార్లు అల దానంతటదే విడిపిస్తుంది. లేకపోతే పక్కకు పది అడుగులు నడిచి వేరే కోణం నుంచి చూడండి. తెంపక తప్పదనుకుంటే బ్రెయిడ్‌ను చేతికి మాత్రం చుట్టుకోకండి, కత్తిలా కోస్తుంది. ఒక కర్ర ముక్కకు నాలుగు చుట్లు చుట్టి, మొహం అటు తిప్పుకుని లాగండి. విడివడ్డ ల్యూర్ నేరుగా మన మీదికే వస్తుంది.

ఇంకో మాట. అమావాస్య, పౌర్ణమి రోజులకు కాస్త అటూ ఇటూగా ఆటు బాగా దిగుతుంది. ఆ సమయానికి వెళ్లి, ఏమీ విసరకుండా, ఎక్కడ బండ ఉంది, ఎక్కడ ఇసుక మడుగు ఉంది ఫోటోలు తీసుకోండి. నేను రెండేళ్లు విసిరిన చోట ఒడ్డుకు ఎడమ పక్కన చక్కటి ఇసుక కాలువ ఉందని అలాగే తెలిసింది. నా ల్యూర్లు రెండు అక్కడి బండకు తగిలి తుప్పుపట్టి వేలాడుతున్నాయి కూడా.

మీ రాడ్ మీద ఎన్ని గ్రాముల వరకు విసరొచ్చో రాసి ఉంటుంది. సీసా లేదా కడ్డీ, ల్యూర్, రెండూ కలిపి అంతకు లోపు ఉండాలి. ఆ అంకె, మీరు నిలబడే చోట లోతు ఎంతో చెబితే లీడర్ ఎంత పొడవు కట్టాలో చెప్పగలను.