మైలాపూర్ కాలువ వెంబడి నడవబోయే పద్దుకి

పద్దూ,

నీ మెసేజ్ చూశానే. మీ అత్తగారూ మామగారూ చినగంజాం నుంచి వస్తున్నారు, ఈసారి బీచూ మాలూ కాకుండా వేరే ఏదైనా చూపించాలి, మైలాపూర్ లో బకింగ్‌హాం కాలువ పక్క వీధులన్నీ నడిపించే గైడ్ ఎవరో ఉన్నారంట, మన ఇంట్లోవాళ్ళ వరకే మాట్లాడుకుందామా, ఎలా మాట్లాడుకోవాలి పెద్దమ్మా అని కదా అడిగావు. తప్పకుండా మాట్లాడుకో. మందవెళిలో కాపరం పెట్టినప్పట్నుంచీ ఆ కాలువ పక్కనే నా మార్కెట్టు, నా గుడి, నా బస్సు అన్నీ, ఊరి నుంచి చుట్టాలొచ్చినప్పుడల్లా ఇలాంటి నడకలకి నేనూ వెళ్తుంటా, కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా, పెద్దదే అవుతుంది, తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు గైడ్ తో ఏం మాట్లాడాలో చెప్తా. చాలామంది ఫోన్ చెయ్యగానే ఒక లిస్టు పంపిస్తారు, పది స్థలాలు, పన్నెండు స్థలాలు, అన్నీ మూడు గంటల్లో అని. అది చూసి డబ్బుకి తగ్గట్టు బాగానే వస్తోంది అనుకోకు. అంత లిస్టు అయితే ఒక్కోచోట రెండు మాటలు చెప్పి పదండి పదండి అంటారు, మీ అత్తగారు, అదే మా వదినగారి మోకాళ్ళకి అది అసలు కుదరదు. విడిగా మనకోసమే మాట్లాడుకోవడంలో లాభమే అది, ఎంతసేపు నిలబడాలో ఎక్కడ కూర్చోవాలో మనం చెప్పొచ్చు. అందుకే నువ్వే ముందు చెప్పెయ్, మేము అయిదుగురం, ఒకావిడకి మోకాళ్ళ నొప్పులు, ఒక ఎనిమిదేళ్ళ పిల్లాడు, రెండున్నర గంటలు చాలు, నాలుగైదు చోట్లు చాలు, ప్రతి అరగంటకీ కూర్చునే చోటు కావాలి, మధ్యలో బాత్రూం ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి అని. ఈ ఆఖరిది మొహమాటం లేకుండా అడుగు, అది అడగనందుకు పెద్దవాళ్ళు మంచినీళ్ళు కూడా తాగకుండా ఎండలో తిరగడం నేను చూశా.

తెలుగొచ్చిన గైడ్ దొరికితే అదృష్టమే, దొరక్కపోయినా పర్లేదు, నీకు అరవం బాగానే వచ్చేసిందిగా, నువ్వు మధ్యలో చెప్తూ ఉండు. ఇంకొక్కటి, డబ్బులు కట్టేముందు ఫోన్లో ఒక ప్రశ్న అడుగు, ఈ కాలువ ఎవరు తవ్వారండీ అని. బ్రిటిష్ వాళ్ళు తవ్వించారు అని చెప్పి ఊరుకుంటే ఇంకొకర్ని వెతుక్కో. కరువు సంగతి ఎత్తారా, వాళ్ళని మాట్లాడేసుకో.

ఎందుకంటున్నానో చెప్తా, నువ్వూ తెలుసుకుని ఉంటేనే కదా అక్కడ అడగగలిగేది. ఈ కాలువ ఒక్కసారిగా తవ్వింది కాదు. ముందు 1806లో మద్రాసు నుంచి ఉత్తరంగా ఎన్నూరు దాకా బాసిల్ కోక్రేన్ అనే ఆయన తవ్వించాడు, కోక్రేన్ కాలువ అనేవాళ్ళు. తర్వాత అది పులికాట్ మీదుగా పైకి పైకి పొడిగిస్తూ మన నెల్లూరు జిల్లా అంతా దాటి పెదగంజాం దాకా తీసుకెళ్ళారు. కానీ ఊరి మధ్యలో కూవం నదికీ అడయారు నదికీ నడుమ ఒక ముక్క మిగిలిపోయింది, 8 కిలోమీటర్ల ముక్క, మైలాపూర్ పక్కన మనం చూసేది అదే. దాన్ని తవ్వింది 1877-78లో, అంటే ధాత కరువు రోజుల్లో. మన తాతమ్మ వాళ్ళ నోట ధాత కరువు మాట నువ్వు వినలేదు గానీ మేము చిన్నప్పుడు విన్నాం, అన్నం పారేస్తే ఆ పేరు చెప్పి తిట్టేవాళ్ళు. లక్షల మంది చచ్చిపోయిన కరువు అది. తిండి లేక పల్లెల నుంచి మద్రాసుకి నడుచుకుంటూ వచ్చేసిన జనానికి పని చూపించాలని ఈ కాలువ పని పెట్టారు. అప్పటి కరువు పనుల్లో కూలి ఎంతో తెలుసా, ఒక దశలో మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా లేదు. అది తిని రోజంతా మట్టి మొయ్యాలి. అప్పుడు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం డ్యూక్ పేరు కాలువకి పెట్టారు. తవ్విన వాళ్ళ పేరు ఒక్కటి కూడా ఎక్కడా లేదు. నాకు ప్రతిసారీ అక్కడ నిలబడితే ఆ సంగతే మనసులో ఉంటుంది, మీ వాడికి కూడా చెప్పు, ఎనిమిదేళ్ళవాడికి అర్థమవుతుంది, అర్థం కాదనుకోకు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మీ అత్తగారి ఊరు చినగంజాం, ఈ కాలువ మొదలయ్యేది ఆ పక్కనే పెదగంజాం దగ్గర. అంటే ఆవిడ పుట్టి పెరిగింది ఈ కాలువకి ఆ చివర, నువ్వు ఉంటున్నది ఇటు మద్రాసు వైపు. ఇక్కడ్నుంచి దక్షిణంగా మరక్కాణం దాకా వెళ్తుంది, మొత్తం 420 కిలోమీటర్ల దాకా ఉంటుంది, పైన కొమ్మమూరు కాలువతో కలిసి కృష్ణ నీళ్ళ దాకా, అక్కడ్నుంచి గోదావరి కాలువలతో కాకినాడ దాకా పడవలు తిరిగిన దారి. వాళ్ళ నాన్నగారి కాలంలో ఉప్పు పడవలెక్కించి పంపేవాళ్ళని, సరుగుడు కట్టెలు కూడా వెళ్ళేవని, గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని పడవ లాగేవాళ్ళని మీ పెళ్ళిలో భోజనాల దగ్గర వదినగారే నాకు చెప్పారు. ఆ ఉప్పూ ఆ కట్టెలూ వచ్చి దిగింది ఈ ఊళ్ళోనే కదే. ఈ సంగతి గైడ్ కి ముందే చెప్పిపెట్టు. కాలువ మీద వంతెన దగ్గర నిలబడినప్పుడు ఆయన చెప్పేది అయిపోయాక ఆవిణ్ణి అడగమను, అమ్మా మీ వైపు ఎలా ఉండేది అని. మంచి గైడ్ అయితే తన వాచీ చూసుకోకుండా వింటాడు, ఇంకో పది ప్రశ్నలు వేస్తాడు. సునామీ వచ్చినప్పుడు, 2004లో, మన వైపు తీరంలో చాలాచోట్ల ఈ కాలువే అల నీళ్ళని పట్టుకుని ఊళ్ళని కాసింది, ఆ రోజు సంగతి కూడా ఆవిడ చెప్పగలరు. వదినగారు కొత్తవాళ్ళ ముందు నోరు విప్పరు, నువ్వే ఒక మాట అందించి కదిలించాలి. వీలైతే ఫోన్లో రికార్డు చేసుకో, మీ వాడు పెద్దయ్యాక వింటాడు.

దారి విషయం. మీ షోలింగనల్లూర్ నుంచి కార్లో నేరుగా వచ్చెయ్యకండి. తిరువాన్మియూర్ స్టేషన్లో ఎక్కితే ఎమ్మార్టీయెస్ అనే లోకల్ రైలు చాలాదూరం ఈ కాలువ మీదుగానే వస్తుంది, దాని స్తంభాలు కాలువలోనే నిలబెట్టారు, బీచ్ స్టేషన్ నుంచి మైలాపూర్ దాకా లైను 1997కి పూర్తయింది, 2007లో వేళచ్చేరి దాకా పొడిగించారు. కొట్టూర్‌పురం దాటగానే అడయారు నది కనిపిస్తుంది, పిల్లాణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టు. తిరుమయిలై తర్వాత ముండగకన్ని అమ్మన్ కోయిల్ స్టేషన్ వస్తుంది, అక్కడ దిగితే అక్కడ్నుంచి లజ్ అనే కూడలి వైపు వెనక్కి నడుచుకుంటూ రావచ్చు. ఒక్కటే చిక్కు, మెట్లు చాలా ఉంటాయి. ఆ రోజు లిఫ్టు నడుస్తోందో లేదో గైడ్ ని పొద్దున్నే కనుక్కోమను, లేదంటే వదినగారినీ అల్లుడుగారినీ ఆటోలో నేరుగా అమ్మవారి గుడి దగ్గరికి రమ్మను, మీరు ముగ్గురూ రైల్లో రండి.

ఆ గుడి తప్పకుండా చూడండి, చిన్నదే, గర్భగుడి మీద గోపురం ఉండదు, కొబ్బరాకుల పాకే ఉంటుంది, వదినగారికి మన ఊరి పోలేరమ్మ గుడిలో ఉన్నట్టే అనిపిస్తుంది. అరవవాళ్ళ ఆడి మాసం, అంటే జూలై ఆగస్టుల్లో అయితే మాత్రం వద్దు, నిలబడే చోటు ఉండదు.

కాలువ గట్టు వెంబడి అంతా ఒకటే రోడ్డు ఉంటుందనుకోకండి. కొంచెం దూరం కాలువ కనిపిస్తుంది, ఇళ్ళ వెనక్కి పోతుంది, మళ్ళీ వంతెన దగ్గర బయటికొస్తుంది. గైడ్ కావాల్సింది అందుకే. ఆ సందుల్లో నడిచేటప్పుడు ఒక్క సంగతి అందరికీ ముందే చెప్పు. కాలువ ఇప్పుడు మురుగు, నల్లగా ఉంటుంది, వాసనొస్తుంది. కానీ దాని పక్కనే జనం కాపరాలు చేస్తున్నారు, వాకిట్లో ముగ్గులు వేస్తారు, పిల్లలకి జడలు వేస్తారు, గిన్నెలు తోముకుంటారు. వాళ్ళ ముందు ముక్కు మూసుకోవద్దు. పడకపోతే ముందే మాస్కు పెట్టుకుని రండి, అది ఎవరూ ఏమీ అనుకోరు. వాళ్ళ ఇళ్ళవైపు ఫోటోలు తియ్యొద్దు, గైడ్ తీసుకోండి అన్నా తియ్యొద్దు, మనిషిని అడిగి, ఆ మనిషి ఒప్పుకుంటేనే. గైడ్ గురించి తెలిసిపోయేది కూడా అక్కడే, ఆ వీధి వాళ్ళు అతన్ని చూసి పలకరిస్తే అతను అక్కడికి మనిషిలా వస్తున్నట్టు, మొహం తిప్పుకుంటే జనాన్ని చూపించి డబ్బులు చేసుకుంటున్నట్టు. ఈ ఒడ్డు మీదా కూవం ఒడ్డు మీదా ఉండే ఎన్నో కుటుంబాల్ని ఇక్కడ్నుంచి లేపి పెరుంబాక్కం, సెమ్మంజేరి కాలనీలకి పంపించారు, అవి మీ ఇంటికి దగ్గరే కదా. మీ అపార్ట్‌మెంట్లో పనికొచ్చేవాళ్ళలో ఈ గట్టు మీద పుట్టినవాళ్ళు ఉండొచ్చు, ఒకసారి అడిగి చూడు, వాళ్ళు చెప్పేది ఏ గైడూ చెప్పలేడు.

కచ్చేరి రోడ్డులోకి వచ్చాక డబ్బా చెట్టి కొట్టు ఉంటుంది, పాతకాలపు మూలికల కొట్టు, బాలింత మందులు, దీపావళి లేహ్యం సామాను అన్నీ దొరుకుతాయి. వదినగారు అక్కడ్నుంచి కదలరు చూడు, కదలమని తొందరపెట్టకు. కపాలీశ్వరుడి గుడి 12 దాటితే మూసేస్తారు, మళ్ళీ సాయంత్రం 4కే, కాబట్టి 7 గంటలకల్లా నడక మొదలుపెట్టండి. గుడి గురించి నేను రాయక్కర్లేదు, అది చెప్పడానికి ప్రతి గైడ్ కీ వచ్చు. కోనేటి మెట్ల దగ్గర కాసేపు నీడలో కూర్చోండి, కాళత్తి కొట్లో పిల్లాడికి రోజ్ మిల్క్ ఇప్పించు. టిఫిన్ మాత్రం నడక అయ్యాకే, కడుపు నిండా పొంగలి తిని ఎవరూ నడవలేరు.

ఆఖరున లజ్ దగ్గరికొచ్చాక గైడ్ 1516 నాటి పోర్చుగీసు చర్చి చూపిస్తాడు, చూడండి, అందంగా ఉంటుంది. కానీ అక్కడితో ముగించనివ్వకు. లజ్ నుంచే మొదలయ్యే రాయపేట హై రోడ్డులో 126 నంబరు ఇల్లు ఉంది, బులుసు సాంబమూర్తి గారిల్లు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న నిరాహార దీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15 రాత్రి ప్రాణం వదిలింది ఆ ఇంట్లోనే. 58 రోజులు పద్దూ. ఆంధ్ర రాష్ట్రం కావాలని, ఈ మద్రాసులో, కాలువకి ఇంత దగ్గర్లో. ఇప్పుడది స్మారక భవనం. మైలాపూర్ నడకల్లో చాలావాటిల్లో ఇది ఉండదు, అరవవాళ్ళకి అది వాళ్ళ కథ కాదు, తప్పు పట్టను, కానీ మనం అడిగి చేర్పించుకోవాలి. ఏ వేళకి తెరుస్తారో ముందే కనుక్కోమని గైడ్ కి చెప్పు. మామగారు స్కూలు మేష్టారుగా చేసినాయన, ఎన్నేళ్ళు పిల్లలకి ఆ పాఠం చెప్పుంటారో, ఆ గదిలో ఆయన్ని కాసేపు ఒంటరిగా వదిలెయ్యండి. ఓపిక మిగిలితే లజ్ చర్చ్ రోడ్డులో నాగేశ్వరరావు పార్కు ఉంది, అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీద, 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది ఆయనింట్లోనే. పార్కులో బెంచీలు ఉంటాయి, నీడ ఉంటుంది, నడక అక్కడ ముగిస్తే అందరికీ బాగుంటుంది.

డేటు మాత్రం అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో పెట్టుకోకు, వాన పడితే కాలువ పక్క సందుల్లో నీళ్ళు నిలబడిపోతాయి, సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. వదినగారికి బూట్లు అలవాటు లేకపోతే వెనక పట్టీ ఉన్న చెప్పులు కొను, ఉత్త హవాయి చెప్పులు వద్దు, సందుల్లో జారతాయి. గైడ్ కి ఒప్పుకున్నదాని మీద కొంచెం ఎక్కువే ఇయ్యి, ఆయన వదినగారి మాటలు విన్నాడా, ఇంకాస్త ఎక్కువ ఇయ్యి. మధ్యాహ్నం భోజనానికి అందరూ మా ఇంటికే రండి, పార్కు నుంచి ఆటోలో పది నిమిషాలు కూడా లేదు. పప్పులుసూ వంకాయ కూరా చేస్తా, ఇంకేం కావాలో వదినగారిని అడిగి ముందురోజు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ