అంతా దేవుని చిత్తమే అనే హక్కు ఎవరిది?

"జరిగేదంతా దేవుని చిత్తమే అయితే చెడు కూడా ఆయన చేయించిందే అవుతుంది కదా, తానే తోసి తానే చేయి అందించడాన్ని విమోచన అని క్రైస్తవులు ఎందుకు గొప్పగా చెప్పుకుంటారు?" అని మీరు అడిగారు. వేదాంత కళాశాలలో చదివినవారైతే దీనికి పద్ధతిగా జవాబు చెబుతారు. నేను తిరుపతిలో ముప్పై ఏళ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. ఈ విషయంలో నా దగ్గరున్న పెట్టుబడి రెండే: చిన్నప్పుడు ఆదివారపు బడిలో కంఠస్థం చేయించిన లూథరు చిన్న క్యాటికిజం (క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్నలు జవాబులుగా నేర్పే పుస్తకం), 2021 నవంబరులో మా తమ్ముడి చిల్లర అంగడిలోకి వచ్చిన వాననీళ్లు. మొదటిది మాకు బోధపడాలనే దేవుడు రెండోది పంపాడని ఒక పెద్దమనిషి అన్నాడు. ఆయనతో నేను ఇప్పటికీ మాట్లాడడం లేదు.

ఆ నెల మూడో వారంలో తిరుపతిని ముంచెత్తిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మా తమ్ముడి అంగడి పల్లంలో ఉన్న వీధిలో ఉంది. క్రిస్మస్‌కూ సంక్రాంతికీ ముందే సరుకు దించుకోవాలని అతను సెప్టెంబరులో మా మరదలి నాలుగు సవర్ల చైను కుదువ పెట్టాడు. వాన వెలిసిన ఉదయం ఇద్దరం కలిసి షట్టరు ఎత్తితే లోపల మోకాటి లోతు నీళ్లున్నాయి. అడుగు వరుసలోని బియ్యం మూటలు నాని ఉబ్బి కుట్ల దగ్గర విచ్చుకున్నాయి. చక్కెర మూట మాత్రం నిలబెట్టిన చోటే ఉన్నది గాని చేయి వేస్తే లోపల ఏమీ లేదు, గోనె మాత్రమే చేతికి వచ్చింది. గల్లా పెట్టె కింది అరలో అప్పు పద్దులు రాసుకునే పొడుగు నోటు పుస్తకం ఉంది. బాల్ పెన్నుతో రాసినవి కొన్ని మిగిలాయి. జెల్ పెన్నుతో రాసిన మూడు నెలల పద్దులు నీలిరంగు మరకలై పోయాయి. వీధిలోని యాభై ఇళ్లు అతనికి ఎంతెంత బాకీ ఉన్నాయో ఆ ఉదయంతో దేవుడికి మాత్రమే తెలిసిన సంగతి అయిపోయింది.

పది రోజుల తరువాత బంధువుల ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. సాక్ష్యాల సమయంలో మేడ మీద కాపురమున్న ఒక కుటుంబం లేచి నిలబడి, తమ ఇంట్లోకి చుక్క నీరు రాలేదని, దేవుడు తన దూతలను గుమ్మానికి కాపలా పెట్టాడని చెప్పింది. మొదటి అంతస్తులో నీళ్లు రాకపోవడానికి దూతలెందుకో నాకు అర్థం కాలేదు గాని అందరితో పాటు నేనూ స్తోత్రం అన్నాను. తరువాత వాక్యం చెప్పడానికి వచ్చిన దైవజనుడు మా తమ్ముడి వైపు చూస్తూ, ఈ నష్టం ద్వారా దేవుడు నీకు ఏదో నేర్పించదలచుకున్నాడు, అది కనిపెట్టమని ప్రోత్సహించాడు. ఇంటికి వచ్చేటప్పుడు స్కూటరు వెనక కూర్చున్న తమ్ముడు చాలాసేపటికి నోరు విప్పి, "నా అంగడికాడ దూతలకు ఆ రాత్రి సెలవిచ్చినారా అన్నా?" అన్నాడు. ఇంకొంత దూరం పోయాక, "ఏం నేర్చుకోవాల, బియ్యం పై అరలో పెట్టాలనా?" అన్నాడు. ఆ తరువాత రెండేళ్లు అతను గుడి మెట్లు ఎక్కలేదు.

ఇక్కడే నా జవాబు మొదలవుతుంది. జరిగేదంతా దేవుని చేతిలోనే ఉందనే దేవుని సంరక్షణ అన్న సిద్ధాంతం అబద్ధమని నేను అనను. దాన్ని ఎవరు ఎవరితో అంటున్నారన్నదే అసలు సంగతి. బైబిలు మొదటి గ్రంథం ఆదికాండంలోని యోసేపు కథనే చూడండి. పదిహేడేళ్ల పిల్లవాణ్ని అన్నలు గుంటలో పడేసి, తరువాత 20 తులాల వెండికి అమ్మేశారు. మీరు నాకు కీడు తలపెట్టారు గాని దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడన్న ప్రసిద్ధమైన మాట ఆదికాండం చివరి అధ్యాయంలో ఉంది, ఆ భావాన్నే అతను అంతకుముందు ఐగుప్తులో అధికారిగా ఉండి అన్నలకు తన్ను తాను తెలియజేసుకున్నప్పుడు మొదటిసారి పలికాడు. అతని వయసు లెక్క కడితే, అమ్ముడుపోయిన నాటికీ ఆ మాటకూ నడుమ 22 ఏళ్లు గడిచాయి. ఆ 22 ఏళ్లలో గుంట ఉంది, బానిసత్వం ఉంది, చేయని తప్పుకు చెరసాల ఉంది. ఆ మాట గుంటలో పడినవాడు అన్నాడు. గుంట గట్టున కూర్చుని భోజనం చేసిన అన్నలు అదే మాటను ఆ రోజే గుంటలోకి తొంగిచూసి అని ఉంటే దాన్ని మనం వేదాంతం అనం, దుర్మార్గం అంటాం. మాటల్లో అక్షరం తేడా లేకపోయినా సరే.

గట్టున ఉండి పడినవాడికి కారణం చెప్పే ఈ పని చేయడానికి యేసు కూడా ఒప్పుకోలేదు. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయంలో వస్తుంది. చచ్చినవాళ్లు యెరూషలేములోని మిగతావాళ్లందరికంటె ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పి, మీ సంగతి చూసుకోండి అని విన్నవాళ్ల మీదికి ప్రశ్న తిప్పాడు. మన కూడికల్లో వరద రాగానే మునిగినవాడి పాపం వెదికేవాళ్లు ఈ అధ్యాయాన్ని ఎప్పుడు దాటవేస్తారో నాకు తెలియదు.

మా పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సువార్త రెండు దారుల్లో వచ్చింది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు పనిచేస్తే, చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి పంపిన ఆర్కాటు మిషను పనిచేసింది. ఈ రెండోవారి విశ్వాస ప్రమాణాల్లో 1563 నాటి హైడెల్‌బర్గ్ క్యాటికిజం ఒకటి. అందులోని 27వ ప్రశ్నకు జవాబుగా, వానా కరువూ, పండిన ఏడూ పండని ఏడూ, ఆరోగ్యమూ జబ్బూ, కలిమీ లేమీ యాదృచ్ఛికంగా గాక తండ్రి చేతి నుంచే వస్తాయని ఉంటుంది. వినగానే మా తమ్ముడికి వచ్చినంత కోపం మీకూ రావచ్చు. అయితే దాని వెంటనే 28వ ప్రశ్న, ఇది తెలుసుకోవడం వల్ల మనకు ప్రయోజనమేమిటని అడుగుతుంది. కష్టంలో ఓర్పు, సుఖంలో కృతజ్ఞత, రాబోయే దాని విషయంలో తండ్రి మీద నమ్మకం అని జవాబు. మూడూ నేను పట్టుకోవలసినవే. వీటిలో పొరుగువాడికి నష్టం ఎందుకు వచ్చిందో వివరించి చెప్పే పని ఒక్కటీ లేదు. తలరాతకూ దీనికీ తేడా కూడా అక్కడే ఉంది. తలరాతతో ఎవరూ పోట్లాడలేరు. తండ్రితో పోట్లాడవచ్చు, యోబు పోట్లాడాడు, కీర్తనకారులు పోట్లాడారు, వాళ్ల మాటలు లేఖనంలోనే ఉన్నాయి.

చెడును దేవుడే చేయించాడా అన్న మీ మొదటి ముక్కకు వస్తాను. దేవుడు ఒక కార్యాన్ని నడిపిస్తున్నాడంటే అందులో మనుషుల చేతులు లేవని అర్థం కాదని పదమూడో శతాబ్దపు వేదాంతి అక్వినాస్ కాలం నుంచి చెబుతూనే ఉన్నారు. ఆయన మూలకారణమైతే మనుషులూ వస్తువులూ నిజమైన కారణాలే, తోలుబొమ్మలు కావు. మా వీధిలోకి నీళ్లు రావడానికి వాన ఎంత కారణమో, వాననీరు పోయే వాగును పూడ్చి ప్లాట్లు వేసి అమ్మినవాళ్లూ అంతే కారణం. అంతా దేవుని చిత్తమే అని మనం మైకులో అన్నప్పుడల్లా వాళ్లకు ఉచితంగా రశీదు రాసిచ్చినట్లవుతుంది. పెంతెకొస్తు పండుగ దినాన జనంతో మాట్లాడిన యేసు శిష్యుడు పేతురు అలా రాసివ్వలేదు. యేసు దేవుని సంకల్పం ప్రకారమే అప్పగింపబడ్డాడని, మీరు ఆయనను దుష్టుల చేత చంపించారని ఒకే వాక్యంలో రెండూ అన్నాడు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలోని ఆ ఒక్క వాక్యం అర్థమైతే ఈ వాదంలో సగం తీరిపోతుందని నా అభిప్రాయం.

మధ్యలో ఒక ఫిర్యాదు చెప్పుకోనివ్వండి. దేవుని ప్రేమించువారికి మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవన్న రోమా 8:28 వచనాన్ని ప్రతి కొత్త సంవత్సరపు క్యాలెండరు మీదా అచ్చు వేస్తారు, దాని పక్కనే కారు బొమ్మ, కొత్త ఇంటి బొమ్మ కూడా వేస్తారు. ఆ మేలు ఏమిటో తరువాతి వచనమే చెబుతుంది: కుమారుని పోలికలోకి మారడం. ఆ కుమారుడికి సొంత ఇల్లు లేదు, చివరికి సిలువ వేశారు. అంత మేలును క్యాలెండరు మీద వేస్తే ఎవరూ కొనరు కాబోలు.

ఇక విమోచన. బడిలో నేను ఈ మాటను పిల్లలకు విడుదల అని అర్థం చెప్పేవాణ్ని, అది సగమే. లేవీయకాండం 25వ అధ్యాయంలో పేదరికం వల్ల భూమి అమ్ముకున్నవాడి కోసం దగ్గరి బంధువు వచ్చి వెల చెల్లించి విడిపిస్తాడు. మన కుదువ అంగడిలో వాడే విడిపించడమన్న మాటే దీనికి సరిపోతుంది. విధవరాలైన రూతు కథలో ఆమె భర్త బంధువు బోయజు చేసింది ఆ పనే. అందరూ బోయజును గురించి ప్రసంగిస్తారు గాని, అతనికంటె దగ్గరి బంధువు ఇంకొకడు ఆ కథలో ఉన్నాడు. భూమి అనగానే విడిపిస్తానన్నాడు, దానితో పాటు రూతును కూడా చేపట్టాలనేసరికి తన స్వాస్థ్యం దెబ్బతింటుందని చెప్పు తీసి ఇచ్చి తప్పుకున్నాడు. అతని పేరు కూడా గ్రంథంలో లేదు. 2022లో మా చుట్టాల్లో అలాంటివాళ్లను నేను చాలామందిని చూశాను.

మమ్మల్ని విడిపించినవాడు పలమనేరు దగ్గర పల్లెలో పాడి పెట్టుకుని బతికే మా చిన్నాన్న. ఆగస్టులో ఒక ఉదయం వచ్చి, కాఫీ తాగి, "చీటీ ఎత్తుకో, పోదాం" అని తమ్ముడితో అన్నాడు. కుదువ అంగడికి నేనూ వెంట వెళ్లాను. అసలు 90,000, నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున 11 నెలల వడ్డీ 14,850. చిన్నాన్న పంచె మడతలోంచి కట్టలు తీసి తడిచేత్తో రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. అంగడివాడు లోపలికి పోయి చిన్న కాగితపు కవరు తెచ్చి, దారం తెంచి, చైనును కాటా మీద పెట్టి, తూకం మాకు కనిపించేటట్లు తిప్పాడు. తమ్ముడు అది అందుకోకుండా నిలబడిపోయాడు. చిన్నాన్నే దాన్ని కవరులో వేసి అతని చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టాడు. దేవుడు నీకు ఏదో నేర్పాలనుకున్నాడని అనలేదు. బస్సుకు వేళవుతోందని మాత్రం అన్నాడు. రెండు చూలు ఆవులను అమ్మి ఆ డబ్బు తెచ్చాడని మాకు సంక్రాంతికి గాని తెలియలేదు.

లూథరు చిన్న క్యాటికిజంలో విశ్వాస ప్రమాణపు మొదటి అంశానికి ఉన్న వివరణ దేవుడు నాకు బట్టలు, చెప్పులు, అన్నపానాలు, ఇల్లువాకిలి ఇచ్చి సకల ఆపదల నుంచి కాపాడుతున్నాడంటుంది. రెండో అంశం నశించిన నన్ను వెండి బంగారాలతో గాక తన రక్తంతో కొన్నాడంటుంది. చిన్నప్పుడు మేము మొదటిది గట్టిగా, రెండోది ఊపిరాడక గబగబా అప్పజెప్పేవాళ్లం. పెద్దయ్యాక కూడా అదే పని చేస్తున్నామని నాకు అనిపిస్తుంది. మీ ప్రశ్నలోని దేవుడు గట్టున నిలబడి తోసేవాడు, లేపేవాడు. రెండో అంశంలోని దేవుడు ఆవులమ్ముకుని బస్సెక్కి వచ్చినవాడు.

అప్పు, వడ్డీ అన్న మాటలు దైవం దగ్గర వినబడటం మా ఊరివాళ్లకు వింత కాదు. కొండ మీది స్వామిని వడ్డికాసులవాడనే పిలుస్తారు, పెళ్లికి కుబేరుని వద్ద చేసిన అప్పుకు భక్తుల కానుకలే వడ్డీ అని చెప్పుకుంటారు. అక్కడ స్వామి అప్పులో భక్తులు పాలు పంచుకుంటారు, మా నమ్మకంలో భక్తుల అప్పు ప్రభువు మీద పడుతుంది. మరి ఆ వెల ఎవరికి చెల్లించాడని అడిగితే మాత్రం కుదువ అంగడి ఉపమానం కుంటుతుంది. సాతానుకని నిస్సా ఊరి గ్రెగోరీ వంటి తొలినాటి సంఘ పూర్వికులు అన్నారు, కాదు, పాపం వల్ల భంగపడిన దేవుని ఘనతకు అని 1098 ప్రాంతంలో అన్సెల్మ్ అనే వేదాంతి వాదించాడు. అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా అని చెప్పిన మార్కు 10:45 మాత్రం ఎవరికో చెప్పకుండానే ఊరుకుంది. నేనూ అక్కడే ఊరుకుంటాను.

మరకలైన ఆ నోటు పుస్తకాన్ని తమ్ముడు మళ్లీ రాయించలేదు. పదిహేను, ఇరవై ఇళ్లవాళ్లు తమంతట తామే వచ్చి ఇంత బాకీ అని చెప్పి కట్టారు, మిగతావాళ్లు వేరే అంగడికి పోవడం మొదలుపెట్టారు. తుడిచిపెట్టుకుపోయిన పద్దుకు కూడా ఎవరో ఒకరు వెల కడతారని, ఆ కట్టింది తానేనని అతను ఒకసారి నాతో అన్నాడు. ఆ వరద దేవుని చిత్తమని అతను ఇంతవరకు అనలేదు, నేనూ అడగలేదు. పోయిన ఏడాది నుంచి ఆదివారాలు నాతో వచ్చి వెనక వరుసలో కూర్చుంటున్నాడు. సాక్ష్యాల సమయం రాగానే మాత్రం లేచి చెప్పులు విడిచిన చోటికి వెళ్లి నిలబడతాడు. అతనికి తోడుగా నేనూ వెళుతున్నాను.