తుఫాన్లకు పేర్లు ఎవరు పెడతారు? అమెరికాలో కత్రినా అంటే మనకు హుద్‌హుద్ ఎందుకు?

ఎవరు పెడతారో చెప్పే ముందు, అసలు పేరుతో పనేమిటో నాకు తెలిసొచ్చిన సంగతి చెప్తాను. మాది అమలాపురం దగ్గర పల్లె.

2013 నవంబరు 22న హెలెన్ తుఫాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. మా వైపు కోతకొచ్చిన వరి చేలు చాప పరిచినట్టు పడిపోయాయి. మూడు రోజుల తర్వాత హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే నాన్న హడావిడిలో ఉన్నారు. "రేపు కూలీలు వస్తున్నారురా, పడిన చేను కోయించేస్తున్నా."

"వద్దు నాన్నా, తుఫాను వస్తోందంట."

"తుఫాను మొన్నే పోయింది కదరా! మీ టీవీలో పాతది చూపిస్తున్నారేమో."

"పోయింది హెలెన్. ఇప్పుడొచ్చేది లెహర్. అండమాన్ దాటేసింది."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అప్పుడే పేరు కూడా పెట్టేశారా దానికి?" అన్నారు.

వారం తేడాలో ఒకే తీరం మీదికి రెండు వస్తున్నప్పుడు ఏది పోయింది, ఏది రాబోతోంది అన్నది ఒక్క ముక్కలో తేలాలి. అక్షాంశాలు, రేఖాంశాలు చెప్తే వాతావరణ శాఖ వాళ్లకు సరిపోతుంది కానీ చేలో ఉన్నవాడికి, వలలు సర్దుకునేవాడికి కాదు. పేరు అందుకే.

ఇక ఎవరు పెడతారంటే, మన వైపు, అంటే బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో, పేరు ప్రకటించేది ఢిల్లీలోని మన వాతావరణ శాఖ. కానీ పేర్లు అప్పటికప్పుడు ఆలోచించి పెట్టేవి కావు. చుట్టుపక్కల దేశాలు ముందే ఇచ్చిన జాబితా ఉంటుంది. 2000లో మస్కట్‌లో జరిగిన సమావేశంలో దీనికి ఒప్పుకున్నారు, అమల్లోకి వచ్చింది 2004లో. మొదటి పేరు ఒనిల్, బంగ్లాదేశ్ ఇచ్చింది. అప్పుడు ఎనిమిది దేశాలు, 64 పేర్లు. 2020 మేలో వచ్చిన ఆంఫన్‌తో అవి అయిపోయాయి. ఇప్పుడు ఇరాన్, ఖతార్, సౌదీ, యూఏఈ, యెమెన్ కూడా చేరి పదమూడు దేశాలు, తలా 13 చొప్పున 169 పేర్లు. దేశాలను ఇంగ్లిషు అక్షర క్రమంలో పేర్చి వరసగా ఒక్కొక్కటి తీస్తారు. మా హెలెన్ బంగ్లాదేశ్‌ది, దాని తర్వాత వంతు ఇండియాది కాబట్టి లెహర్, అంటే హిందీలో అల. అలా వెళ్లి వెళ్లి ఒమన్ వంతు వచ్చేసరికి 2014 అక్టోబరు 12న విశాఖను పీకి పందిరేసిన తుఫాను తగిలింది. దానికి తలమీద ఈకల కుచ్చు ఉండే పక్షి పేరు, హుద్‌హుద్. అంతేగానీ విశాఖకీ ఆ పిట్టకీ ఏ సంబంధమూ లేదు.

పేరు పొట్టిగా ఉండాలి, ఇంగ్లిషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు, ఎవరి మతాన్నీ మనసునీ నొప్పించకూడదు. అయినా నొప్పించిన సందర్భం ఉంది. 2013లో శ్రీలంక ఇచ్చిన మహాసేన్ అనే పేరు మీద శ్రీలంకలోనే గొడవైంది. మంచి చేసిన రాజు పేరు విధ్వంసానికి పెడతారా అని. దాంతో వియారు అని మార్చారు. పలకడం సులువుగా ఉండాలనీ ఒక రూలు ఉంది, అది మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది. 2023లో బాపట్ల దగ్గర తీరం దాటినదాన్ని ఒక పేపరు మిచాంగ్ అని, ఒకటి మిచౌంగ్ అని, ఇంకోటి మిగ్‌జాం అని రాసింది. మయన్మార్ పేరు. జాబితా ప్రకారం మిగ్‌జాం అన్నవాళ్లే కరెక్టు.

అమెరికా వైపు పద్ధతి వేరు. హరికేన్ అన్నా తుఫాను అన్నా సరుకు ఒకటే, సముద్రమే వేరు. కరీబియన్ దీవుల్లో పూర్వం ఏ సెయింట్ పండగ రోజు తుఫాను వస్తే ఆ సెయింట్ పేరుతో పిలిచేవారు. పోర్టోరికోలో 1876లో శాన్ ఫెలిపే వచ్చింది. 1928లో మళ్లీ అదే తారీఖున ఇంకోటి వచ్చి రెండో శాన్ ఫెలిపే అయింది. 1953 నుంచి అట్లాంటిక్ తుఫాన్లకు ఆడవాళ్ల పేర్లు మొదలుపెట్టారు. విధ్వంసానికి ఆడపేర్లేనా అని మహిళలు గట్టిగా అడిగాక 1979 నుంచి ఒకటి మగ, ఒకటి ఆడ. 21 పేర్లతో ఆరు జాబితాలుంటాయి, ఆరేళ్లకోసారి అదే జాబితా మళ్లీ వస్తుంది. మరీ ఘోరం చేసిన పేరును మాత్రం తీసేస్తారు, 2005 కత్రినా, 2017 హార్వే అలాగే పోయాయి. మన దగ్గర ఆ బాధ లేదు. ఒకసారి వాడిన పేరు మళ్లీ వాడరు.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. అల్పపీడనం వాయుగుండమై, తీవ్ర వాయుగుండమై, గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరి తుఫాను అయితేనే పేరు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటి, ఆ రాత్రి హైదరాబాద్‌ను ముంచేసినది తీవ్ర వాయుగుండమే. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బైకుల హ్యాండిళ్లు మాత్రమే కనపడ్డాయి, అయినా దానికి పేరు లేదు. మరోపక్క ఒకే దానికి రెండు పేర్లు వచ్చిన వింత కూడా ఉంది. 2021లో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ నేల మీద నీరసించి, దేశం అడ్డంగా దాటి, అరేబియా సముద్రంలో మళ్లీ బలం పుంజుకుంది. అప్పటికి జాబితాలో తర్వాతి పేరు షాహీన్, ఆ పేరుతో ఒమన్ వెళ్లింది.

పాత తుఫాన్లకు ఈ బాధే లేదు. 1977 నవంబరు 19ది దివిసీమ ఉప్పెన, 1996 నవంబరుది మా ఊళ్లో ఇప్పటికీ తొంభయ్యారు తుఫాను. కొబ్బరితోట సగం ఎప్పుడు పోయిందని అడిగితే నాన్న ఆ ఒక్క మాటే చెప్తారు.

లెహర్ సంగతి అడుగుతారేమో. నా మాట విని నాన్న కోత ఆపేశారు. నాలుగు బరకాలు అద్దెకు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. లెహర్ సముద్రంలోనే నీరసించి, వాయుగుండంగా 28న మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. మా చేలో నాలుగు చినుకులు పడ్డాయి. ఈలోపు పడిన వరి మొలకెత్తింది, బరకాల అద్దె అదనం. మొన్న మొంథా అప్పుడు ఫోన్ చేస్తే నాన్న అడిగిన మొదటి మాట: "ఇది పేపరోళ్లు చెప్పిన తుఫానా, నువ్వు చెప్పే తుఫానా?"